వీపు తిప్పి అన్న మాట

హైదరాబాదు,
18 ఆగస్టు 2024

అత్తా,

ఫోను చేస్తే నాన్న ఎత్తుతాడు. మెసేజీ పెడితే ఇల్లంతా చదువుతుంది. వీడియోలో నా పెదాలు ఆగి ఆగి కదులుతున్నాయని, ఒక్క ముక్క అందలేదని నువ్వే అన్నావు. అందుకని కాగితం మీద రాస్తున్నాను. పగలు ఇంట్లో ఉండేది నువ్వే కాబట్టి పోస్టుమ్యాన్ నీ చేతికే ఇస్తాడు.

చివరి ఏడాది మొదలైంది. ఇక క్లాసులు లేవు, మా కాలేజీ ఆసుపత్రిలోనే పని. వచ్చినవాళ్ళని అద్దాల గదిలో కూర్చోబెట్టి, కూత వినపడితే మీట నొక్కమంటాం. వాళ్ళు నొక్కినదాన్ని బట్టి గీత గీస్తాం. గీతని బట్టి చెవికి మిషన్ ఇస్తాం. మూడేళ్ళు ఈ గీతల మీదే పరీక్షలు రాశాను. మార్కులు బాగానే వచ్చాయి.

పోయిన వారం యలమందయ్య అని మన వైపు ఆయన వచ్చాడు. చీమకుర్తి క్వారీలో రాయికి డ్రిల్లు పట్టిన మనిషి, ఇప్పుడు కొడుకు దగ్గర ఇక్కడే ఉంటున్నాడు. మిషన్ పెట్టింది నేనే. నాలుగు రోజులకి తెచ్చి బల్ల మీద పెట్టేశాడు. "వద్దమ్మాయ్. నువ్వు మంచిదానివే గానీ ఇది నాకొద్దు" అన్నాడు. ఎందుకని అడిగితే ఫ్యాను గోల అన్నాడు. మా మేడం, "కొన్నాళ్ళకి అలవాటవుతుందని చెప్పు" అంది. చెప్పాను. ఆయన దాన్ని జేబులో వేసుకుని వెళ్ళాడు. ఇక అది జేబులోనే ఉంటుందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇలాంటివాళ్ళు చాలామంది వస్తున్నారు అత్తా. కొందరు తిరిగి ఇస్తారు, కొందరు బీరువాలో పెట్టేసి, పెట్టుకుంటున్నామని మాతో అబద్ధం చెబుతారు. నాకు ఈ చదువు మీద అనుమానం పట్టుకుంది. అనుమానపడాల్సింది మొదటి ఏడాదిలో. ఇప్పుడు ఎవరితో అనను? నాన్నతో అంటే రెండు రోజులు అన్నం తినడు.

మేలో నీకు పెట్టిన మిషన్ వాడుతున్నావు కదా? నిజంగా వినపడుతోందా? నీ ఒక్కదానికి పనికొచ్చిందంటే మిగతావాళ్ళ సంగతి ఓపిగ్గా చూసుకుంటాను.

నీ
తేజశ్రీ


రామాపురం,
30 ఆగస్టు 2024

ఏమే తేజా,

ఉత్తరం అందింది. "ఏం పెద్దమ్మా, కోర్టు కాగితమా?" అన్నాడు పోస్టుమ్యాన్. "మా మేనకోడలు రాసిందిరా. నీకు రాసేవాళ్ళు లేకపోతే నేనేం చేసేది?" అన్నాను. మొహం మాడ్చుకుని పోయాడు.

అనుమానమూ లేదు, పాడూ లేదు. తిండి సరిగ్గా లేకపోతే బుర్ర అలాగే తిరుగుతుంది. గోంగూర పచ్చడి, కారప్పొడి పంపుతున్నాను. నీ గదిలో ఉండే ఆ నజ్మీన్‌కి కూడా పెట్టు. పోయినసారి వచ్చినప్పుడు ఆ పిల్ల బ్యాంకు పరీక్షల పుస్తకాలు చదువుతోందని చెప్పావు. నీ బుర్ర తింటున్నది ఆ పుస్తకాలు కాదు కదా? లేక ఎవడైనా కుర్రాడి సంగతి అయితే అదీ రాయి. కులం అడగను, పని చేసేవాడా కాదా అని మాత్రం అడుగుతాను.

మిషన్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. పొద్దున లేవగానే పెట్టుకుంటున్నాను. అన్నీ వినపడుతున్నాయి. మీ నాన్న బండి మలుపు తిరగడం, కుక్కరు, పక్కింటి మౌలాబీ కోళ్ళని తిట్టడం, మిల్లు సైరను, అన్నీ. నిన్న మౌలాబీ అననే అంది, "కోటిరత్నం, నీ చెవులు నాకంటే బాగున్నాయే" అని.

కాబట్టి ఆ యలమందయ్య మాట పట్టించుకోకు. మగవాళ్ళకి ఓపిక ఉండదు. నువ్వు చదువు మీద దృష్టి పెట్టు. ఎన్ని ఇళ్ళకి నీలాంటి పిల్ల ఉంటుంది?

మిరప నారు పోశారు. మీ నాన్న ఈసారి పత్తి తగ్గించాడు.

అత్త


హైదరాబాదు,
10 నవంబరు 2024

అత్తా,

పచ్చడి సీసా నజ్మీనే ఖాళీ చేసింది. మీ ఊరికి కోడలిగా వస్తానంటోంది. దీపావళికి రాలేకపోయాను, మందుగుండు రోజుల్లో చెవుల ఆసుపత్రికి సెలవెక్కడిది?

నీ ఉత్తరం చాలాసార్లు చదువుకున్నాను. మొదటిసారి సంతోషంగా చదివాను. తర్వాత ఒకరోజు మిల్లు సైరను దగ్గర ఆగిపోయాను. నువ్వు రాసింది ఆగస్టులో. మన మిల్లు ఆగస్టులో నడవదు కదా అత్తా. పత్తి వస్తేనే కదా తాళం తీసేది. అందులో పనిచేసినదానివి, ఇంకెవరైనా రాస్తే నమ్మేదాన్ని.

అప్పుడు బ్యాటరీలు గుర్తొచ్చాయి. నేనిచ్చినవి రోజూ వాడితే ఎప్పుడో అయిపోవాలి. నువ్వు అడగలేదు.

నువ్వు పెట్టుకోవడం లేదు. నా మనసు కష్టపెట్టకూడదని రాశావు. కోపం లేదు. ఆసుపత్రిలో రోజూ చూస్తున్నదే ఇంట్లోనూ జరిగింది. నేను చదివినదంతా ఖర్చుపెట్టి, కొలిచి, నా చేతులతో పెట్టిన మిషన్. నన్ను పెంచిన మనిషికే పనికిరాలేదు. ఇక కొత్తవాళ్ళకి నేనేం చెబుతాను?

నజ్మీన్‌తో బ్యాంకు కోచింగ్‌కి వెళ్దామనుకుంటున్నాను. మార్చిలో కొత్త బ్యాచ్. ఇంటర్న్‌షిప్ మధ్యలో వదిలేస్తే పట్టా రాదు. రాకపోతే ఏం? నాన్నకి ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

తేజశ్రీ


రామాపురం,
24 నవంబరు 2024

తేజశ్రీకి,

సైరను ఎక్కడికీ పోలేదు, పాత అలవాటుగా చెవుల్లో మోగింది. అంతమాత్రానికే మనిషిని దొంగని చేస్తావా? పోలీసు పరీక్ష రాయి, బ్యాంకెందుకు?

నిన్న అద్దంకి వెళ్ళి బ్యాటరీలు కొనుక్కొచ్చాను. వేసుకున్నాను. ఈ ఉత్తరం రాస్తున్నప్పుడు కూడా చెవిలోనే ఉంది. ఒట్టు.

బ్యాంకు మాట ఇంకోసారి ఎత్తితే నేనే బస్సెక్కి వస్తాను.

అత్త


హైదరాబాదు,
9 ఫిబ్రవరి 2025

అత్తా,

నాన్న ఫోన్లో మిరప ధర గురించి చెబుతూ చెబుతూ, "మీ అత్తకి చెవి వాచింది, అద్దంకిలో చూపించాం" అన్నాడు. మామూలుగా అన్నాడు. ఎలా వాచిందని అడిగితే చెప్పాడు.

కల్లంలో మిరప తాలుకాయలు ఏరుతూ కూర్చున్నావట. చెమటకి మిషన్ జారుతుంటే వేలితో లోపలికి నెట్టుకుంటూ కూర్చున్నావట. మిరపకాయలు పట్టుకున్న వేలితో. సాయంత్రానికి చెవి మండి, రాత్రికి బూరెలా ఉబ్బిందట. డాక్టరు చుక్కల మందు ఇచ్చి, కొన్నాళ్ళు మిషన్ ముట్టుకోవద్దన్నాడట.

మిషన్ ఇచ్చేటప్పుడు మేం ఒక చీటీ ఇస్తాం. "చేతులు సబ్బుతో కడుక్కుని ముట్టుకోవాలి" అని ఉంటుంది. దాన్ని తెలుగులోకి రాసింది నేనే. సబ్బుతో మిరప ఘాటు పోదని నాకు తెలియదా? మన ఇంట్లో ఏరుళ్ళు అయ్యాక అమ్మ చేతులకి ముందు మజ్జిగ రాసుకోవడం చూస్తూ పెరిగాను. అయినా చీటీ రాసేటప్పుడు నాకు మన ఊరే గుర్తు రాలేదు.

నేను అనుమానం అన్నందుకే కదా నువ్వు మళ్ళీ పెట్టుకున్నావు? అంటే నా చదువు నిలబెట్టడానికి నువ్వు చెవి కాల్చుకున్నావు. ఇంతకంటే సిగ్గు లేదు.

కాగితం రాసేశాను. ఇంటర్న్‌షిప్ మానేస్తున్నానని. మా మేడం ఊళ్ళో లేదు. పదిహేడో తారీకు, సోమవారం వస్తుంది. ఆ రోజు ఇచ్చేస్తాను. నీకు ముందు చెప్పాలని రాశాను. మందు వేసుకో. మిషన్ డబ్బాలో పెట్టెయ్.

తేజ


రామాపురం,
13 ఫిబ్రవరి 2025

తేజా,

ఇది పోస్టులో వేయడం లేదు. మౌలాబీ కొడుకు షానవాజ్ లారీ లోడుతో హైదరాబాదు వస్తున్నాడు, వాడికిస్తున్నాను. సోమవారం లోపు నీకు అందాలి.

ముందు చెవి సంగతి. తగ్గింది. నీ చీటీ వల్ల జరగలేదు, నువ్వు రాసినా నేను చదివేదాన్ని కాదు. మిరప చేత్తో కళ్ళు ముట్టుకోకూడదని ఈ ఊళ్ళో పాకే పిల్లకి కూడా తెలుసు. చెవుల సంగతి ఎవరికీ తెలియదు. కల్లంలో చెవిలో మిషన్ పెట్టుకుని కూర్చున్న మొదటి మహారాణిని నేనే. ఇప్పుడు ఊరంతటికీ తెలిసిందిలే.

ఇక అసలు మాట. మిషన్ పనిచేయలేదని నువ్వు అనుకుంటున్నావు. పనిచేసింది. అందుకే తీసేశాను.

మీ మావయ్య పోయాక నేను ఇక్కడికి వచ్చి మిల్లులో చేరాను. మిషన్లకి పత్తి అందించే పని. ఆ హోరులో మాట వినపడదు, ఒకరి పెదాలు ఒకరం చూసి మాట్లాడుకునేవాళ్ళం. చెవులు పోయాక ఇంట్లోనూ అలాగే నెట్టుకొచ్చాను. మన ఇంట్లోవాళ్ళకి కూడా అది అలవాటైపోయింది. నాకు తెలియకూడని మాట ఉంటే వీపు తిప్పి మాట్లాడతారు. గొంతు తగ్గించాల్సిన పని లేదు. మీ అమ్మా నాన్నా పోట్లాడుకోవడం కూడా అంతే, ఇద్దరూ గోడ వైపు తిరిగి. చూస్తే నవ్వొస్తుంది.

మేలో నువ్వు మిషన్ పెట్టి వెళ్ళిన వారంలోనే, ఒక పొద్దున మీ అమ్మ పొయ్యి దగ్గర నిలబడి మీ పిన్నితో ఫోన్లో మాట్లాడుతోంది. వీపు నా వైపు ఉంది. మిషన్ చెవిలో ఉందన్న సంగతి ఆమెకి అలవాటు కాలేదు. "మా వదిన చెవుల కోసం పిల్ల ఫార్మసీ సీటు వదిలేసుకుంది. రేపు ఊళ్ళంట తిరిగి చెవిటి మిషన్లు అమ్ముకోవాలి. ఈవిడ మా ఇంట్లో లేకపోతే నా కూతురు బాగుపడేది" అంది. ఒక్క ముక్క పొల్లుపోకుండా వినపడింది. నువ్వు అంత బాగా పెట్టి వెళ్ళావు.

ఫోను పెట్టేసి నా వైపు తిరిగి, "వదినా, టీ పెట్టనా?" అంది. ఎప్పటిలాగే, నాకు అందేలా పెదాలు నిదానంగా కదుపుతూ. పెట్టమన్నాను. టీ తాగి, మిషన్ తీసి డబ్బాలో పెట్టేశాను.

మీ అమ్మని ఏమీ అనకు. ఇన్నేళ్ళలో నాకు చల్లారిన అన్నం పెట్టలేదు ఆ మనిషి. కూతురి గురించి తల్లికి ఆ మాత్రం దిగులు ఉండదా?

నువ్వు అనుమానం అని రాసేసరికి నాకు ఆ మాటే గుర్తొచ్చింది. నువ్వు మానేస్తే మీ అమ్మ అన్నది నిజమైపోతుంది. నా వల్లే నువ్వు చెడిపోయినట్టు. అందుకే వినపడుతోందని రాశాను, అందుకే మళ్ళీ పెట్టుకున్నాను. నీ చదువు కాపాడటానికి కాదు తల్లీ, నా పరువు కాపాడుకోవడానికి.

ఇప్పుడు చెబుతున్నాను. నా చెవుల కోసం ఎత్తుకున్న బరువైతే దించెయ్. మీ నాన్నకి నేను చెప్పుకుంటాను. బ్యాంకులో చేరు, పోలీసుల్లో చేరు. కానీ మిషన్ పనికిరాలేదు కాబట్టి మానేస్తున్నానని మాత్రం ఆ కాగితంలో రాయకు. అది అబద్ధం. అబద్ధం ఆడింది నేను, మిషన్ కాదు.

మీ అత్త


హైదరాబాదు,
23 ఫిబ్రవరి 2025

అత్తా,

శనివారం మధ్యాహ్నం షానవాజ్ హాస్టల్ గేటు ముందు లారీ ఆపి హారన్ కొట్టాడు. వార్డెన్ బయటికొచ్చి తిట్టింది. "మా పెద్దమ్మ తేజ చేతికే ఇమ్మంది మేడం, హారన్ కొట్టకపోతే ఎలా తెలుస్తుంది?" అన్నాడు. నీ శిష్యుడే.

గేటు దగ్గరే నిలబడి చదివాను. చదివాక నవ్వాను, తర్వాత ఏడ్చాను. నవ్వు ఎందుకంటే, నువ్వూ అమ్మా ఇద్దరూ నమ్మినది జరగనే లేదు.

నేను ఈ చదువు నీ కోసం తీసుకోలేదు.

డాక్టరు సీటుకి ర్యాంకు రాలేదు. ఫార్మసీలో వచ్చింది, ఇందులో వచ్చింది. ఆ ఫార్మసీ కాలేజీ ఒంగోలు దారిలో ఉంది, రోజూ ఇంటి నుంచి బస్సులో వెళ్ళి రావాలి. ఇది హైదరాబాదులో, హాస్టల్లో. నాకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఇంట్లోంచి బయటపడాలి, అంతే. ఆ మాట నాన్నతో అనలేక, "అత్తకి వినపడేలా చేస్తాను" అన్నాను. నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మ ఇక ఫార్మసీ మాట ఎత్తలేదు. ఇంత బాగా పనిచేస్తుందని నేనూ అనుకోలేదు. తర్వాత అందరూ అదే చెప్పుకుంటుంటే నేనూ నమ్మేశాను.

కాబట్టి అమ్మ ఎవరినైనా అనాలంటే నన్ను అనాలి. నువ్వు నా దారికి అడ్డం రాలేదు. ఈ ఉత్తరం అమ్మకి చూపించాలనిపిస్తే చూపించు. నేను భయపడను. కొంచెం భయపడతాను.

సోమవారం కాగితం ఇవ్వలేదు. మేడం దగ్గరికి వెళ్ళి, యలమందయ్యని మళ్ళీ పిలిపిస్తానని అడిగాను. "ఆయన కేసు అయిపోయింది కదా?" అంది. అయినా ఒప్పుకుంది. కొడుకు తీసుకొచ్చాడు. ఈసారి అద్దాల గదిలో కూర్చోబెట్టలేదు. వరండాలో బెంచీ మీద ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేలా అడిగాను. వినపడుతోందా అని కాదు. "పెట్టుకున్న రోజు ఏం వినపడింది తాతా?" అని.

చాలాసేపు కొడుకు వైపు చూశాడు. కొడుకు టీకి వెళ్ళాక చెప్పాడు. "మాట్లాడదామని నోరు తెరిస్తే మా నాన్న గొంతు వచ్చిందమ్మాయ్. ముసలాడి గొంతు. ఎవరో వెనకాల ఉన్నారని తిరిగి చూశా. నేనే. నా గొంతు ఎప్పుడు అలా అయిపోయిందో నాకు తెలియదు. అందుకని తీసేశా. కోడలికి చెబితే నవ్వుద్దని ఫ్యాను అన్నా."

మీ నాన్న ఎలాంటివాడని అడిగాను. ఇక ఆపలేదు. వాళ్ళ నాన్న ఎడ్లని ఎలా పిలిచేవాడో పిలిచి చూపించాడు. వరండాలో అందరూ తిరిగి చూశారు. మిషన్ జేబులోనే ఉంది. వెళ్ళేటప్పుడు తీసి నా చేతికిచ్చి, "కొంచెం గోల తగ్గించి పెట్టు, చూద్దాం" అన్నాడు. నా కోసం ఆరుగురు ఎదురుచూస్తున్నారని మేడం కోప్పడింది.

ఈ చదువు నాకు ఇష్టమని ఇప్పటికీ చెప్పలేను. ఇన్నాళ్ళూ నేను అనుమానపడింది మిషన్లని. అడగాల్సిన ప్రశ్న నేను అడగలేదు. అడగడం నాకు వచ్చో రాదో తేల్చుకోకుండా వెళ్ళిపోతే, అప్పుడు ఇంట్లోంచి వచ్చేసినట్టే ఇప్పుడూ వచ్చేసినట్టవుతుంది. ఇంటర్న్‌షిప్ పూర్తి చేస్తాను. కోచింగ్‌లో నజ్మీన్ ఒక్కతే చేరింది. చీటీలో కొత్త వాక్యం రాశాను, మిరప చేతుల గురించి. అచ్చుకి పంపారు.

నువ్వు మిషన్ పెట్టుకో అనీ అనను, వద్దనీ అనను. చెవులు నీవి.

నీ
తేజ


రామాపురం,
9 మార్చి 2025

తేజా,

నీ ఉత్తరం మీ అమ్మ చేతిలో పెట్టాను. నిలబడి చదవడం మొదలుపెట్టి, మధ్యలో కూర్చుంది. "అయితే ఇది మన దగ్గర ఉండలేక పోయిందా!" అని ముందు నీ మీద పడింది. నువ్వు ముసలిదానివయ్యేదాకా ఈ మాట గుర్తు చేస్తుంది, సిద్ధంగా ఉండు.

తర్వాత, "నేనేదో అన్నానని రాసిందేంటి?" అంది. పొయ్యి దగ్గర అన్నదంతా చెప్పాను.

"నీకు వినపడుతుందని తెలిస్తే అంటానా వదినా?"

"అనవని తెలిసే ఊరుకున్నాను."

"విని కూడా నా చేత్తో టీ తాగావా?"

"టీ ఏం చేసింది?"

ఇంత మొండి మనిషిని ఎక్కడా చూడలేదని లేచి వెళ్ళిపోయింది. రెండు రోజులు పలకలేదు. అన్నం మాత్రం వేడిగానే పెట్టింది. మధ్యలో నలిగింది మీ నాన్న. ఎవరు ఎవరి మీద అలిగారో అర్థం కాక కల్లంలోనే పడుకున్నాడు.

నిన్న ఏరుళ్ళు అయిపోయాయి. సాయంత్రం స్నానం చేసి, మజ్జిగతో ఒకసారి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, మిషన్ డబ్బా పట్టుకుని నా దగ్గరికొచ్చింది. "చెవి ఇటు పెట్టు" అంది. డాక్టరు కూడా ఇక పెట్టుకోవచ్చన్నాడులే. తలకిందులుగా పెట్టబోతే నేనే తిప్పాను. చప్పుడు పెంచే చక్రం ఎటు తిప్పాలో మౌలాబీ గోడ మీంచి చెప్పింది, ఆవిడకి ఏం తెలుసో మరి.

తర్వాత నా ఎదురుగా మంచం మీద కూర్చుంది. "వినపడుతోందా?" అంది. తల ఊపాను.

"ఆ రోజు అన్నది నోరు జారి అనలేదు వదినా. అనుకునే అన్నాను. పిల్ల దూరంగా ఉందన్న మంట నీ మీద పోశాను. నువ్వు లేని ఇల్లు ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు అనుకున్నాను. నాకొద్దు."

ప్రతి మాటా వినపడింది. అయినా వినపడనట్టు మొహం పెట్టి, ఇంకోసారి చెప్పమన్నాను.

చెప్పింది. ఈసారి మౌలాబీకి కూడా వినపడేంత గట్టిగా.

మీ అత్త
కోటిరత్నం